పేరు పెట్టని కూన

మంగళవారం, రాత్రి

మెట్ల కింద పిల్లికూనలకు ఇయ్యాల గూడ మోషన్స్ ఆగలే. ఆగం చేసింది నేనే. తల్లి నాలుగు రోజులు కనవడకపోయేసరికి ప్యాకెట్ పాలు పోసిన. నారాయణగూడ పశువుల డాక్టర్ "ఆ పాలు వాటికి అరగవు, పిల్లికూనల పాలపొడి గోరువెచ్చటి నీళ్లల్ల కలిపి పట్టు" అన్నడు. మొన్నటి సంది పాలు బంద్ చేసిన. అయినా ఎందుకు తగ్గుతలేదో మొదలు సమజ్ కాలే.

సాయంత్రం లైబ్రరీ నుంచి జల్ది వచ్చిన. రోజూ "వాటిని బయట పడేయండి" అని అరిచే మా హాస్టల్ ఓనర్ ఆంటీ, మెట్ల కింద గొంతుకూర్చొని గిన్నెలకెళ్లి ఒక మూతలకు ప్యాకెట్ పాలు పోస్తున్నది! నన్ను చూసి గిన్నె కొంగుల దాచింది.

"ఆకలికి ఏడుస్తున్నాయమ్మా, వినలేకపోయాను."

డాక్టర్ మాట చెప్పిన. ఆమె మొఖం పాలిపోయింది. "అయితే నావల్లేనా?"

"మొదలు పోసింది నేనే ఆంటీ."

అన్నిట్ల చిన్న కూన మెడ మీది తోలు పట్టి వదిలితే, ఆ తోలు మెల్లగ దిగుతున్నది. ఒంట్ల నీళ్లు తక్కువైతె అట్లయితదట. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, వెచ్చగ ఉంచి పాలపొడి కలిపిన నీళ్లు చుక్క చుక్క పట్టుమన్నడు, పొద్దున్నే తెమ్మన్నడు. ఆంటీ దాన్ని తన పాత చీరల చుట్టి ఒళ్లె పెట్టుకున్నది.

"దీని పేరేంటి?"

"పెట్టలే ఆంటీ. బతికితె పెడ్దామనుకున్న."

"ఇప్పుడే పెట్టు. పేరు లేకపోతే ఏమని పిలిచి ఆపుకుంటాం?"

పరీక్షకు చదువుదామని పాలిటీ నోట్స్ తెరిచి గంటాయె. పేజీ నిండ పేర్లే రాసిన. ఒక్కటి గూడ దానికి సరిపోతలేదు.