స్పేసర్లకు గంధం

సెప్టెంబర్ 20, శనివారం

చెప్పులు విప్పే ఓపిక కూడా లేక అట్లాగే కుర్చీలో పడ్డాను. అమ్మకు డయాలిసిస్, నాకు డ్రైవింగ్. మంగళవారం, శనివారం బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం, మళ్ళీ వెనక్కి. మా ప్రౌఢశాలెకు, అదే హైస్కూలుకు, దసరా రజె అని పేరే, సెలవు మాత్రం లేదు. ఎల్లుండి నుంచి టీచర్లకు సర్కారు సమీక్షె డ్యూటీ, సర్వే కోసం ఇల్లిల్లూ తిరగాలి.

తమ్ముడు ఋత్విక్ ఈమధ్య నా కారును వెనక నుంచి చూసి నిట్టూరుస్తున్నాడు. ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తాడు. లాప్‌టాప్ మూస్తే కార్ల రీల్స్. వెనక చక్రాలు లోపలికి దూరిపోయి ఉండాయక్కా, స్పేసర్లు వేస్తే బాడీతో సమంగా, ఫ్లష్‌గా వస్తాయి అన్నాడు. స్పేసర్ అంటే చక్రాన్ని బిగించే హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ళ అట. చక్రం తిరిగితే చాలు నాకు, ఎక్కడుంటే ఏమి అన్నాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

పేరేసంద్ర దగ్గర కన్ను మూతపడింది. ఒక్క క్షణమే. లారీ హారన్‌కు తెలివి వచ్చింది. అమ్మ వెనక సీట్లో నిద్రపోతోంది. చూడలేదు.

సెప్టెంబర్ 24

బేరం కుదిరింది. స్పేసర్లు వేసుకో, శనివారాలు అమ్మను నువ్వు తీసుకెళ్ళు అన్నాను. వాడు ఆలోచించను కూడా లేదు, సరే అన్నాడు. ఒక్క రోజు నిద్ర కోసం కారును అప్పగించేశాను. సిగ్గుగా ఉంది. నిద్ర అంతకంటే ఎక్కువ వస్తోంది.

అయినా లెక్కల టీచర్ని, ఊరికే వదులుతానా? వాణ్ణి వెంటబెట్టుకుని చింతామణిలో చంద్రు దగ్గరికి వెళ్ళాను. టైర్లు, అలాయ్ చక్రాల షాపు. మా నాయన ఉన్నప్పటి నుంచి తెలిసినవాడు. సన్నటివి చాలప్పా, లావుటివి వేస్తే బేరింగ్‌కు దెబ్బ, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటాది అన్నాడు. హబ్ మీద బిగువుగా కూర్చునేటివే తేవాలట. అన్ని కార్లకూ సరిపోతాయని అమ్మేవి ముట్టుకోకూడదట. స్పేసర్ మందం ఎంతో బోల్టు అంత పొడుగు పెరగాలట. బిగువు సరిపోతే క్లిక్‌మనే టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగినాక మళ్ళా చూడాల, అది మాత్రం మరవద్దు అని రెండుసార్లు చెప్పాడు. ఇన్సూరెన్స్ వాళ్ళకు కూడా చెప్పమన్నాడు. ఋత్విక్ అన్నిటికీ తలూపాడు. పెళ్ళిపీటల మీద కూడా అంత బుద్ధిగా కూర్చోడు.

అక్టోబర్ 1, ఆయుధపూజ

స్పేసర్లు వచ్చాయి. అమ్మ వాటినీ పూజలో పెట్టమంది. అమ్మ పుట్టింటివాళ్ళు గుళ్ళో పూజలు చేసినవాళ్ళు, డబ్బా గంధం ముట్టదు. సాన మీద అరగదీయాల్సిందే. డయాలిసిస్ సూది గుచ్చే చేతికి శ్రమ వద్దంటే, ఇంకో చెయ్యి ఉండాది కదా అంది. నా కారు తాళంచెవికి చిన్న బొట్టు, లాప్‌టాప్‌కు చిన్న బొట్టు. స్పేసర్లకు మాత్రం రెండు పక్కలా మందంగా గంధం, దాని మీద కుంకుమ. చక్రం లోపల ఉండేది ఇదే కదా, ఇదే మనల్ని కాయాల అంది.

అక్టోబర్ 3

ఋత్విక్ ఒక్కడే చింతామణి వెళ్ళి బిగించుకొచ్చాడు. నాకు డ్యూటీ. కారు చూడటానికి బాగానే ఉంది. వాడికి చెప్పలేదు.

అక్టోబర్ 4, శనివారం

పదకొండింటి దాకా పడుకున్నాను. లేచి, కాఫీ తాగి, మళ్ళీ పడుకున్నాను.

అక్టోబర్ 5

ఈరోజు మంచం దిగనిది ఋత్విక్. ఆస్పత్రి కుర్చీ, ఆ వాసన, తిరుగు ప్రయాణంలో అమ్మ వాంతి. ఇన్నాళ్ళు నువ్వొక్కదానివే ఎట్లా చేస్తాండావక్కా అన్నాడు. ఏడుపొస్తుందేమోనని మాట మార్చాను. వంద కిలోమీటర్లు దాటింది, బోల్టులు చూశావా అని అడిగాను. రేపు చూస్తాను అన్నాడు. వాడి మొహం చూసి నేనూ ఒత్తిడి చేయలేదు.

అక్టోబర్ 7, మంగళవారం

రాస్తే గానీ ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

తిరిగి వస్తుంటే, నా కింద ఏందో దడదడ కొట్టుకుంటాండాది అని అమ్మ అంది. నాకూ సీటు అదురుతున్నట్టే ఉంది. పేరేసంద్ర పెట్రోల్ బంకులోకి తిప్పి, డిక్కీలోని స్పానర్ వేసి చూశాను. వెనక చక్రం బోల్టు పంపు కుళాయిలా తిరిగింది. పక్కదీ అంతే. ఆ చక్రం పైనే అమ్మ కూర్చున్నది.

ఇద్దరికీ ఫోన్ చేశాను. ఋత్విక్ బైక్ మీద వచ్చాడు. కారు కదిలించొద్దండి, నేనే వస్తాండా అని చింతామణి నుంచి చంద్రు జాకీ వేసుకుని వచ్చాడు. అమ్మకు బంకువాళ్ళు ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. చక్రం విప్పాక, స్పేసర్ తీశాక తెలిసింది. గంధం. ఎండి, పెచ్చులై, పొడై ఉంది. లోహానికి లోహం అతుక్కోవాల్సిన చోట అది కూర్చుంది. అది పొడై రాలేకొద్దీ బోల్టు వదులైంది.

హబ్‌ను బ్రష్‌తో తోమి మరీ వేసినాను, అమ్మ పెట్టిన బొట్టు మాత్రం తుడిచేదానికి చెయ్యి రాలేదు అన్నాడు చంద్రు. నేనే తుడవద్దన్నానక్కా అన్నాడు ఋత్విక్. ఇప్పుడు కూడా గుడ్డ పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారే గానీ ముట్టుకోలేదు. నా చెయ్యీ ముందుకు పోలేదు.

అమ్మ లేచి వచ్చింది. ఇట్లియ్యప్పా అని స్పేసర్ ఒళ్ళో పెట్టుకుని, కొంగు తడిపి రెండు పక్కలా తుడిచింది. నేను పెట్టింది నేనే తీస్తాను, దేవుడికీ నాకూ తెలియందా అంది. రెండో చక్రానిదీ విప్పించి తుడిచింది. తర్వాత చంద్రు మెరిసేదాకా శుభ్రం చేశాడు. బొట్టు యాడ పెట్టచ్చో చెప్పు అని అడిగితే, అలాయ్ బయటివైపు చూపించాడు.

ఇవి మనకొద్దక్కా, తీసేద్దాం అన్నాడు ఋత్విక్. నేను సరే అనబోయాను.

వద్దు, వేయించు అంది అమ్మ. ఇవి తీసేస్తే వీడు శనివారం వస్తాడో రాడో. ఆ పొద్దు ఇక్కడే నీ కన్ను మూతపడింది చూసినాను, అందుకే కదమ్మా గంధం అంత మందంగా పెట్టింది అంది.

చంద్రు ఒక్కో బోల్టునూ రెంచ్ క్లిక్‌మనేదాకా బిగించాడు.

అక్టోబర్ 8

ఋత్విక్ పొద్దున్నే ఒక్కడే కారు తిప్పుకొచ్చి, బోల్టులన్నీ మళ్ళీ చూశాడు. ఒక్కటీ కదల్లేదట. స్పేసర్లు ఉన్నా లేకపోయినా శనివారం నాదే అమ్మా అన్నాడు. అమ్మ వినపడనట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అక్టోబర్ 11, శనివారం

పడుకోమన్నారు. నిద్ర రాలేదు. ఋత్విక్ కారు తీస్తుంటే వెళ్ళి వెనక సీట్లో, ఆ వదులైన చక్రం వైపున, అమ్మ పక్కన కూర్చున్నాను.

పేరేసంద్ర ఎప్పుడు దాటిందో తెలియదు. లేచేసరికి నా తల అమ్మ ఒళ్ళో ఉంది. ఆ రోజు తుడిచిన కొంగే, ఇంకా గంధం వాసన.