సెల్లారులో గంగమ్మ

విజయా,

మన సెల్లారులో నీళ్లు ఊరడం చూసి గంగమ్మ వెలసిందని వాడకట్టంతా నమ్ముతున్నది. నేను జగిత్యాలకు వెళ్తున్నాను. మూలన గుంత తవ్వి దింపిన కొత్త మోటారు, నీరు పెరగగానే తనంతట తానే నడుస్తుంది. స్విచ్చి మాత్రం ఆపకు, ఆపితే పసుపు బస్తాలన్నీ తడిసి బూజు పడతాయి. నిన్న పక్కింటి సాయమ్మ గుంతలో వేసిన కొబ్బరిచిప్ప అడ్డుపడే మోటారు ఆగింది. తీస్తుంటే, "గంగమ్మను మోటరు వెట్టి ఎల్లగొడ్తరా సారూ? గింత సదువు సదివి గిదేం పని!" అని నన్నే గద్దించింది. చాటుగా నువ్వు పెట్టిన దీపం కూడా చూశాను. దాన్ని మెట్టు మీద పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. చీకట్లో నీ కాలు జారదు. దీపం పక్కన పెట్టిన కొబ్బరికాయను పచ్చడికి ఉంచు.

మరొక మాట: మొన్న ఊరి వెనుక కాలువకు నీళ్లు ఆపిన వారమంతా సెల్లారు ఎండిపోయే ఉన్నది.