అక్క మొదటి కెమెరా

ఎమ్మిగనూరులో ఉన్న మా నాగవేణి అక్కకు, బెంగళూరు నుంచి చెల్లెలు సుజాత నమస్కారాలు.

అక్కా, ఇక్కడ నేను బాగున్నాను. నువ్వూ, బావా, అమ్మా బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపడొద్దని చెప్పు. గార్మెంట్స్‌లో నన్ను కాలర్లు కుట్టే లైనులోకి మార్చారు. మొదట్లో కష్టమనిపించినా చేయి అలవాటు పడింది. ఇక్కడ సాయంత్రమైతే చాలు, ముసురు. నా గదిలో ఉండే భాగ్య మంచిది. తన కన్నడం నాకు, నా తెలుగు తనకు చాలావరకు అర్థమవుతాయి. సాంబారులో బెల్లం వేయడమే నాకింకా పడటం లేదు. వీలైతే పప్పుల పొడి పంపు. ఉగ్గాని చేసుకుందామంటే బొరుగులు దొరుకుతున్నాయి కానీ ఆ పొడి లేదు.

ఈ పార్సిల్‌లో నువ్వు కొనమన్న కెమెరా ఉంది. ఫోన్‌లో చెబితే మధ్యలో మాట తెగిపోతుందని రాస్తున్నాను. పక్కన పెట్టుకుని నిదానంగా చదువు.

పక్కింటి సీమంతంలో నువ్వు బావ ఫోన్‌తో తీసిన ఫొటోలు చూసి, ఆదోని పత్తి వ్యాపారుల ఇంట్లో నామకరణానికి నిన్ను పిలిచారని తెలిసినప్పుడు ఎంత సంతోషపడ్డానో! "బాలింత గదిలోకి మగోళ్లు కెమెరా పట్టుకొని వస్తే మాకు ఇబ్బంది, నువ్వే రామ్మా" అన్నారట కదా. ఈ ఒక్కటి బాగా కుదిరితే ఇంకో నాలుగిళ్ల వాళ్లు పిలుస్తారు. అందుకే కెమెరా కొనడానికి అంత భయపడ్డాను. నువ్వేమో తేలిగ్గా అనేశావు. "సుజీ, నాకు పెద్ద పెద్దవి వద్దే. ఇంటి లోపల ఉయ్యాల్లో బిడ్డ మొగం తేటగా కనపడితే సాలు."

ఆదివారం భాగ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటి షాపులో ఒకతను తళతళలాడే చిన్న కెమెరా చూపించి, దీంతో చంద్రుడి మీద మచ్చలు కూడా తీయొచ్చన్నాడు. ఆ మాటలకు నేను దాదాపు పడిపోయాను. భాగ్య నా చెవిలో, "మీ అక్కను పిలిచింది చంద్రుడా, బిడ్డా?" అంది. వెంటనే నీ మాట గుర్తొచ్చింది. షాపు వెనక ఒకే బల్బు ఉన్న గదిలో భాగ్యను కూర్చోబెట్టి ఒక ఫొటో తీయమన్నాను. ముఖం మీద ఇసుక చల్లినట్టు వచ్చింది.

తర్వాత వాడిన కెమెరాలు అమ్మే షాపుకు వెళ్లాం. అక్కడ పాత మోడల్ ఒకటి చూశాను. కొంచెం బరువే. అక్కడా భాగ్యను నీడలోనే కూర్చోబెట్టాను. ఈసారి కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి. లోపల వెలుతురు పట్టే భాగం దీనికి పెద్దదట, అందుకే చీకట్లోనూ పనిచేస్తుందట. లెన్స్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి బూజు లేదని చూసుకుని దాన్నే కొన్నాను, ఇంకో బ్యాటరీ కూడా అడిగి తీసుకున్నాను.

ఇంటికొచ్చి తీస్తే అన్నీ మసకే! నీ మొదటి పనిని నేనే చెడగొట్టాననుకున్నాను. మర్నాడు డ్యూటీ దిగి నేరుగా షాపుకు పరిగెత్తాను. తప్పు కెమెరాది కాదు, నాదేనని అక్కడివాళ్లు పట్టుకుని చూపించారు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మీట సగం నొక్కి, చిన్న చప్పుడు వచ్చాక మిగతా సగం నొక్కాలి. ఒక్కసారిగా నొక్కేయకూడదు. నీకిది తొందరగా వస్తుందిలే. ఆడమనిషికి ఫొటోలెందుకని ఎవరో అన్నప్పుడు బావ ఏమన్నాడో అమ్మ చెప్పింది. "మగ్గం మీద తెగిన పోగును కనపడకుండా అతికే చెయ్యి అప్పా, కెమెరా పట్టుకుంటే వణుకుతాదా?"

ఇంకో సంగతి. మా ఇంటి ఓనరమ్మ నీళ్ల కుళాయి గురించి తిట్టడం తప్ప నాతో మాట్లాడి ఎరగదు. నేను మెట్ల దగ్గర తీసి చూసుకుంటుంటే, "నాదీ ఒకటి తీస్తావా?" అని అడిగింది. లోపలికెళ్లి చీర మార్చుకుని మరీ వచ్చింది. ప్రింటు తీయించి చేతికిస్తే చాలాసేపు చూసింది. పెళ్లయ్యాక తనను ఒక్కదాన్నే ఎవరూ ఫొటో తీయలేదట. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కాఫీ పెట్టింది. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. ఈ ఊరొచ్చాక ఆ రోజు మొదటిసారి నాకు ఒంటరిగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, కెమెరాను ఇంకో వారం నా దగ్గరే ఉంచుకుందామనిపించింది!

నేను బాగానే తింటున్నాను, నిద్రపోతున్నాను. అమ్మ కాళ్లకు నా దండం పెట్టు, బావకు నమస్కారం చెప్పు. మీ ఆశీస్సులుంటే నాకింకేం కావాలి?

అక్కా, ఆదోనిలో గడప దగ్గరే ఎవరో ఒకరు, "ఫొటోలు తీసే ఆయన యాడ?" అని అడుగుతారు. నువ్వు బావ వైపు చూడొద్దు. "నేనే" అని చెప్పి లోపలికి నడువు.

నీ చెల్లెలు,
సుజాత