పురిటికి కొత్త మోటారు వద్దు

కోయిలకుంట్ల, బేస్తవారం.

చిరంజీవి అల్లుడు అనంతయ్యకు అత్త చెన్నమ్మ చెప్పి రాయించేది: ఈడ అందరమూ బాగుండాము, నా మనసే నిమ్మళంగా లేదు.

నా బిడ్డ రాజ్యలక్ష్మిని పురిటికి కొత్త మోటారులో తెస్తానని రాస్తివి. వద్దు. చిన్న మోటారు, ధర తక్కువ, ఇంటిల్లిపాదీ పడతామని నువ్వు మురిసేది నాకూ సంతోషమే. అయితే మొన్న చూపించేదానికి తెచ్చి నన్ను కుందూ ఏటి దాకా తిప్పితివి గదా. ఒళ్ళో నీళ్ళచెంబు ఎందుకత్తా అని నవ్వితివి. కడుపుతో ఉండే పిల్ల కూర్చుంటే ఎట్లుంటాదో చూద్దామనే పెట్టుకుంటి. నిండు చెంబు, దిగేసరికి అడుగున గుక్కెడు మిగిలె. నెమ్మదిగా తోలుతానని చెప్పొద్దు, నెమ్మదిగా పోతే దావలో గుంతలు పూడుతాయా? ఇప్పటికే రెండు కాన్పులు పోయినాయప్పా, ఇది మూడోది.

మన ఎద్దులబండి పంపుదామని, నిన్న అదే చెంబుతో బండెక్కి పోయొస్తి. దాంట్లోనూ సగం ఒలికె. అబద్ధం చెప్పను.

అందుకని పిల్లను యాడికీ కదిలించొద్దు. నేనే వస్తా. తల్లి పోయి అల్లునింట్లో పురుడు పోస్తాదా అని ఊరు నవ్వుతాది, నవ్వనీ.

ఆడ మీ ఊర్లో మంత్రసాని ఎవరు? చెయ్యి మంచిదేనా? పాతచీరలు ఉతికి ఎండేసి పెట్టమని మీ అమ్మకు చెప్పు. శొంఠి, వాము నేను తెస్తా. బిడ్డ అన్నం తింటాందా లేదా, ఉన్నదున్నట్టు రాయి.

ఆదివారం పొద్దున్నే మోటారు తీసుకొని రా, నేనెక్కుతా.

నీకూ, నా బిడ్డకూ, ఇంకా మొగం చూడని ఆ పసిదానికీ నా దీవెనలు.