చివరి నెల చీటీ

అక్కా, లింగంపల్లిలో నేను క్షేమం. ఫోన్ చేస్తే నువ్వొక్కదానివే వింటావని కార్డు రాస్తున్నాను. దీన్ని మీ అత్తమ్మ ముందు పైకి చదువు.

నిరుడు మా ఆఫీసు హౌస్‌కీపింగ్ ఆడవాళ్ల చీటీని తొందరపడి రెండో నెలలోనే పాడుకుంటే నాలుగు వేలు కోత పడింది. నీ పిల్లలకు చెప్పిన వైజాగ్ ప్రయాణం ఆగిపోయింది. వాళ్లు ఏడుస్తుంటే "గీ పిల్ల చెప్పుడే గని తీస్కపోయేది లేదు" అని మీ అత్తమ్మ అన్న మాట నేను మరిచిపోలేదు. ఈసారి పాట జరిగిన ప్రతిసారీ నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని కూర్చున్నాను. నాతో పనిచేసే నర్సమ్మ "ఏందే, మూగనోము పట్టినవా?" అని నవ్వింది. పదో నెలకు పాడేవాళ్లెవరూ మిగల్లేదు. నిన్న ఒక్క రూపాయి తగ్గకుండా ఇరవై వేలు నా చేతిలో పెట్టారు! సాయంత్రమే వైజాగ్‌కు రైలు టికెట్లు కొనేశాను.

చిన్నోడి మోకాలి దెబ్బ మానిందా? మే పదికల్లా పిల్లలిద్దరితో వచ్చెయ్. అందరి ఆధార్ కార్డులు, కొత్త మామిడికాయ పచ్చడి మరవకు. మూడు పూటలా హోటల్లో తింటే నా లెక్క తప్పుతుంది.

పిల్లలకు ముద్దులు, బావకు దండాలు. కొన్నవి ఐదు టికెట్లు. ఐదోది మీ అత్తమ్మకే. కిటికీ పక్క సీటు మాత్రం నాదని చెప్పు.

నీ చెల్లెలు
స్వరూప