పన్నెండు లోపు టెర్న్ బేకి

మిన్యానా
1978 నవంబరు 19

క్లారీ అన్నయ్యకి, థెల్మా ఎండలో కూర్చుని రాస్తున్న ఉత్తరం,

నువ్వూ ఐరిస్ వదినా బావున్నారనుకుంటాను. ఇక్కడ గోధుమ కోతలు మొదలయ్యాయి. ఈగలూ మొదలయ్యాయి. నేను బాగానే ఉన్నాను. డెస్ పోయి ఐదు నెలలు దాటినా పొద్దున్నే అలవాటు కొద్దీ ఇద్దరికీ టీ పోసేస్తున్నాను. ఆయనదీ నేనే తాగేస్తున్నాను.

అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు. టెర్న్ బేలో మా కారవాన్, ఆ చక్రాల ఇల్లు, పెట్టుకునే జాగా నీకు తెలుసుగా. సముద్రానికి ఎదురుగా, ఇరవై రెండేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ మాదే. కానీ అక్కడి మేనేజరు బొలిథో గారి రూలు రూలే. డిసెంబరు ఇరవై మధ్యాహ్నం పన్నెండు లోపు కారవాన్ వచ్చి జాగాలో నిలబడాలి. లేదంటే జాగా వరసలో తర్వాతవాళ్ళకి పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్ళీ ఈ జన్మకి రాదు. డెస్‌తో నేను కడుపారా నవ్వుకున్న రోజులన్నీ ఆ కాస్త ఇసక మీదే గడిచాయి అన్నయ్యా. దాన్ని నేను వదులుకోలేను.

అందుకని కారవాన్ని నేనే లాక్కెళ్తాను. డెస్ పెద్ద కారు ఆయన ఆస్పత్రిలో ఉండగానే అమ్మేశాం కదా, ఇప్పుడున్నది నేను బజారుకెళ్ళే చిన్న కారు. దానికి వెనక కొక్కెం పెట్టిస్తే సరిపోతుందా? ఇంకేం చూసుకోవాలి?

నీ చెల్లెలు,
థెల్మా

తా.క.: "నీకెందుకే ఇవన్నీ" అని రాయకు. ఆ మాట కసాయి కొట్టాయన, చర్చి ఫాదరు, గ్యాసు కుర్రాడు ఇప్పటికే అనేశారు.


వాంగరాట్టా
నవంబరు 24

చెల్లాయి థెల్మాకి, అన్నయ్య కంగారుగా రాయునది,

నీ ఉత్తరం చదివి టీ కప్పు కింద పెట్టేశాను. మళ్ళీ చదివి బిస్కెట్టు కూడా పెట్టేశాను. నువ్వు కారవాన్ లాగడమేమిటే? ఇన్నేళ్ళూ నువ్వు చేసిందల్లా డెస్ పక్కన కూర్చుని ఫ్లాస్కు పట్టుకోవడం, "లారీ వస్తోంది, లారీ వస్తోంది" అని ఆయన చెవి కొరకడం. నేనే వచ్చి లాగేవాణ్ణి. కానీ చూరు కాలవలో ఆకులు తీస్తూ నిచ్చెన మీంచి పడ్డాను కదా, కాలికి కట్టు జనవరి దాకా విప్పరట.

సరే. జీవితమంతా గూడ్సు బండి వెనక గార్డు పెట్టెలో ఊగినవాణ్ణి. వెనకున్నది ముందున్నదాన్ని ఏం చేయగలదో నాకు తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదు. మొదటి సూత్రం రాసుకో. లాగే బండి బరువుగా ఉండాలి, వెనక వచ్చేది తేలిగ్గా ఉండాలి. అదే తారుమారైందా, దిగుడులో కారవానే కారుని తోసుకుంటూ పోతుంది. తలుపు పక్కన రేకు మీద కొట్టిన బరువు నమ్మకు, అది ఖాళీ బరువు. గిన్నెలు, దుప్పట్లు, నీళ్ళు, గ్యాసు, అన్నీ నింపి లారీల కాటా మీద తూయించు. తూయించి నాకు రాయి. ఈలోగా ఆ చిన్న కారుకి కారవాన్ తగిలించావంటే నా మీద ఒట్టే.

మీ అన్నయ్య,
క్లారీ

తా.క.: "నీకెందుకే ఇవన్నీ" అని రాసి, నీ తా.క. చూసి కొట్టేశాను. మొదటి పేరాలో గీత అదే.


మిన్యానా
నవంబరు 29

అన్నయ్యకి, నీ మాట జవదాటని చెల్లెలు రాసేది,

తూయించాను. మా పక్క పొలం వెర్నా హాకింగ్ పాపం, కోతల్లో ఊపిరాడకపోయినా ఒక పూట వెనక తొట్టి ఉన్న తన యూట్‌కి తగిలించి గోధుమ గిడ్డంగి దగ్గర కాటాకి లాక్కొచ్చింది. చాలాసేపు గోధుమ లారీల మధ్య వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి తేమ చూసే అబ్బాయి నిద్రమొహంతో పొడుగాటి గొట్టం పట్టుకొచ్చి, లారీలో గుచ్చినట్టే, కారవాన్ పైకప్పు కిటికీలోంచి కసుక్కున దించాడు. "లోపల గోధుమలు లేవయ్యా" అని నేను అరుస్తూనే ఉన్నాను. గొట్టం నిండా నా క్రిస్మస్ పుడ్డింగు వచ్చింది. దాన్ని అటూ ఇటూ చూసి, "తేమ ఎక్కువ, తీసుకోం" అన్నాడు.

ఇక బరువు. రేకు మీద తొమ్మిది వందల కిలోలని ఉంది. కాటాలో పద్నాలుగు వందలు! నా కారు ఎనిమిది వందల యాభై. అంటే నీ సూత్రం ప్రకారం కారు బరువు పెరగాలి. కాబట్టి పెంచాను. డిక్కీలో ఆరు పిండి బస్తాలు, డెస్ దాగలి, వెర్నా వాళ్ళ గేటుకి అడ్డం పెట్టే రాయి. ఇంకా ఎంత కావాలో చెప్పు, ఇటుకలు ఉన్నాయి.

నీ థెల్మా

తా.క.: ముందు దీపాలు రోడ్డు మీద పడటం మానేశాయి. నిన్న యూకలిప్టస్ చెట్టు మీద ఉన్న పోసమ్ మొహాన పడ్డాయి. అది బాగా నొచ్చుకుంది.


వాంగరాట్టా
డిసెంబరు 4

థెల్మా, థెల్మా, థెల్మా,

ముందు ఆ రాయి దించు. దాగలి దించు. పిండితో ఏదైనా వండుకో.

కారు బరువుగా ఉండాలంటే బరువైన కారు చూసుకోమని, ఉన్న కారులో బండరాళ్ళు వెయ్యమని కాదే తల్లీ! వెనక బరువేస్తే ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిప్పితే తిరగవు, బ్రేకు తొక్కితే పట్టవు. నీ కారు ముక్కు ఆకాశంలోకి పెట్టిందంటే కారణం అదే.

ఇప్పుడు నెమ్మదిగా చదువు. బండి ఎలా ఉండాలంటే, బరువుగా, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. బ్రేకులు గట్టివై ఉండాలి. ఎంత లాగగలదో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని దాటకు. వేగంగా పోయే బండి అక్కర్లేదు, నిలకడగా ఆగే బండి కావాలి. కారవాన్ పక్కలు కనపడేలా రెండు వైపులా పొడుగు అద్దాలు. కారవాన్ మొత్తం బరువులో పదో వంతు కొక్కెం మీద ఆనాలి. ముక్కు మరీ తేలికైతే తోక ఊగుతుంది. బరువైనవన్నీ కింద, ఇరుసు మీద పెట్టు. వెనక మూల మాత్రం ఏమీ పెట్టకు.

ఇదొక్కటీ కంఠతా పట్టు. కారవాన్ ఊగడం మొదలెడితే కారు బ్రేకు తొక్కకు, స్టీరింగుతో కుస్తీ పట్టకు. కాలు యాక్సిలరేటరు మీంచి మెల్లగా తియ్యి, చేత్తో కారవాన్ బ్రేకు మీట మాత్రం కొంచెం నొక్కు. అదే సర్దుకుంటుంది.

అన్నట్టు ఐదు వందల కిలోలు ఎక్కువేమిటే? లోపల ఏం పెట్టాడు మా బావ?

క్లారీ

తా.క.: పుడ్డింగు సంగతి చదివి మీ వదిన నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం కుంటుతున్నాం.


మిన్యానా
డిసెంబరు 12

అన్నయ్యా,

టపా బండి బయటే ఉంది, రెండు ముక్కలు రాస్తున్నాను. నువ్వన్నదే నిజం. ఆ చిన్న కారుతో అయ్యే పని కాదు. దాన్ని వెర్నాకి ఇచ్చేశాను. కారవాన్ మొత్తం ఖాళీ చేశాను. వెనక మంచం కింద డెస్ పోతపోసిన గాలపు సీసం గుళ్ళు దొరికాయి, పెట్టెలకి పెట్టెలు. సముద్రంలో ఉన్న చేపలన్నిటికీ తలా ఒకటి పంచినా మిగులుతాయి. ఇన్నేళ్ళూ కారవాన్ తోక ఊగినప్పుడల్లా ఆయన రోడ్డుని తిట్టేవాడు. సీసం, పాత పొయ్యి, చివరికి మంచం కూడా, అన్నీ ఊళ్ళో వాళ్ళకి పంచేశాను. ఆయన చేపల కోటు చేతికొచ్చినప్పుడు మాత్రం మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

బండి కదుల్తోంది, ఉంటాను.

థెల్మా


వాంగరాట్టా
డిసెంబరు 15

చెల్లాయికి, అన్నయ్య ఆశీస్సులు,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నాను. కారు ఇచ్చేశావు, మంచంతో సహా అన్నీ పంచేశావు. ఎంత నొచ్చుకుని ఈ నిర్ణయం తీసుకున్నావో నాకు తెలీదా? పోన్లే అమ్మా. ప్రయత్నించావు, డెస్‌కి అంతే చాలు. మనిషి బతికుండగా అనుభవించిందే అనుభవం, జాగాలో ఏముంది.

నేను నిన్ను వేళాకోళం ఎక్కువే చేశాను. మనసులో పెట్టుకోకు.

ఇంకో మాట. జాగా వదులుకుంటున్నామని బొలిథో గారికి నీ చేత్తో నువ్వు రాయాల్సి రావడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. అందుకని నిన్ననే నేను నీ తరఫున రాసేసి టపాలో వేయించాను. నువ్విక ఆ సంగతి ఆలోచించకు. క్రిస్మస్‌కి రైలెక్కి ఇక్కడికి వచ్చేయ్.

మీ అన్నయ్య,
క్లారీ

తా.క.: "ముందు థెల్మాని అడగాల్సింది" అంటోంది మీ వదిన. ఆడవాళ్ళకి అన్నిట్లో అనుమానాలే.


మిన్యానా
డిసెంబరు 15

అన్నయ్యకి, హుషారుగా ఉన్న నీ చెల్లెలు రాసేది,

మొన్న హడావుడిలో అసలు ముక్కే రాయలేదు! వెర్నాకి నా చిన్న కారు ఇచ్చి, వాళ్ళ యూట్ తీసుకున్నాను. ఆమెకి పొలంలోకి టీ, రొట్టెలు మోసుకెళ్ళడానికి నా కారు చాలట. యూట్ బరువు, పొడుగు, బ్రేకులు, అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. గుర్రాలని మోసే తొట్టి బండిని లాగేది కాబట్టి పొడుగు అద్దాలూ, చేతికందేలా బ్రేకు మీటా ముందే ఉన్నాయి. కారవాన్ మళ్ళీ తూయిస్తే వెయ్యి కిలోలు. స్నానాల గదిలో బరువు చూసుకునే యంత్రం కొక్కెం కింద పెట్టాను, సరిగ్గా నూరు. మంచం బదులు పరుపు నేల మీదే, ఇరుసుకి పైన.

నాలుగు రోజులుగా ఫుట్‌బాల్ మైదానంలో సాధన చేస్తున్నాను. వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగుని కింద పట్టుకుని, కారవాన్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలట. వెర్నా నేర్పింది. ఒక గోలు స్తంభం ఇప్పుడు కొంచెం వంగింది.

రేపు పొద్దున్నే బయలుదేరి, మెల్లగా, దారిలో ఆగుతూ వెళ్తాను. నువ్వు లేకపోతే ఇది నావల్ల అయ్యేదే కాదు అన్నయ్యా.

నీ థెల్మా

తా.క.: బొలిథో గారికి నా తరఫున ఎవరూ ఏమీ చెప్పకండి. నన్ను చూసి ఆయన నోరు తెరవడం నేను కళ్ళారా చూడాలి.


వాంగరాట్టా
డిసెంబరు 18
(టెర్న్ బే పోస్టాఫీసులో ఇవ్వవలసినది)

థెల్మా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నేను గాడిదని. మీ ఇంట్లో ఫోను లేదు. ఉన్నా నువ్వు ఇంట్లో లేవు. బొలిథో ఆఫీసుకి పొద్దున్నుంచి చేస్తున్నాను, ఎవరూ ఎత్తరు. గడ్డి కోస్తూ తిరుగుతున్నాడు కాబోలు. ఆయనకి టెలిగ్రాం ఇవ్వమని వదినని పంపాను. మిన్యానాకి నేను రాసిన ఉత్తరం నువ్వు చూడనే లేదు, చూడొద్దు కూడా. చూడకపోయినా సంగతి నీకు తెలిసిపోతుంది. ఆ జాగా నేనే పోగొట్టాను. నీకు మొహం ఎలా చూపించను?

క్లారీ

తా.క.: ఏమీ లేదు. నవ్వడానికి ఏమీ లేదు.


టెర్న్ బే
డిసెంబరు 21

గాడిద అన్నయ్యకి, థెల్మా సముద్రం ఒడ్డున కూర్చుని తీరిగ్గా రాసే ఉత్తరం,

ముందు ప్రయాణం చెప్తాను. కడుపులో కాస్త భయం ఉండనీ నీకు.

తీరం వైపు దిగే పొడుగు వాలులో దుంగల లారీ ఒకటి పక్కనుంచి విసురుగా దూసుకుపోయింది. దాని గాలికి కారవాన్ ఊగింది. అద్దంలో ఒకసారి ఎడం వైపు, ఒకసారి కుడి వైపు కనపడింది. నా కాలు బ్రేకు మీదకి దానంతటదే పోయింది అన్నయ్యా. "తొక్కకే" అని నీ గొంతు వినపడింది, ఆ గార్డు గొంతే. కాలు తీసేశాను, చేత్తో మీట కొంచెం నొక్కాను. బుద్ధిగా వెనక్కొచ్చి కూర్చుంది. తర్వాత పక్కకి ఆపి, ఫ్లాస్కులో టీ అంతా తాగేశాను.

ఇరవయ్యో తారీకు పన్నెండుకి ఇంకా పావుగంట ఉండగా గేటు దాటాను. వెనక్కి పెట్టేది చూడ్డానికి అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, ఏటా ఉండేదేగా. రెండుసార్లు తప్పింది. మూడోసారి గీత గీసినట్టు దిగింది. చప్పట్లు కొట్టారు. నేను దిగి చూద్దును కదా, బొలిథో గారు టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"శ్రీమతి పాస్కో, మీ అన్నగారు ఉత్తరం రాశారు. ఈ జాగా వదులుకున్నారు గదా" అన్నారు.

యూట్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. "నేను వదులుకోలేదండీ" అన్నాను.

"ఉత్తరం నాకందింది. రూలు ప్రకారం వరసలో తర్వాతి మనిషికి జాగా రాసేశాక టెలిగ్రాం వచ్చింది. నేనేం చెయ్యను?"

"ఎవరికి?"

ఆయన టోపీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "మీకేనండీ" అన్నారు.

"నాకేమిటండీ?" అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ క్రితం కారవాన్ వెనక్కి పెడుతూ డెస్ ఇంతమంది ముందు నా మీద అరిచాడు, నేను చేసే చేతిసైగలు ఏ మనిషికీ అర్థం కావని. నేను తిన్నగా ఆఫీసుకెళ్ళి, ఈయనతో నావల్ల కాదు, నాకు విడిగా జాగా కావాలి అని వరసలో పేరు రాయించుకున్నాను. సాయంత్రానికి డెస్ పళ్ళెం నిండా చేపలు వేయించి తెచ్చాడు, కోపం పోయింది. పేరు తీయించడం మర్చిపోయాను. అది ఒక్కో ఏడూ ఒక్కో మెట్టు ఎక్కుతూ, ఈ డిసెంబరుకి మొదటిదయ్యింది. నువ్వు ఆ ఉత్తరం రాయబట్టి నా వంతు వచ్చింది!

ఇరవై రెండేళ్ళూ పలక మీద "డి. పాస్కో" అని ఉండేది. నిన్న బొలిథో గారు సున్నం డబ్బా తెచ్చి "టి. పాస్కో" అని రాశారు. కాసేపు నవ్వాను, కాసేపు ఏడ్చాను. డెస్ ఉంటే "ఇంకా ఆ కోపం మర్చిపోలేదటే నువ్వు" అని ఏడిపించేవాడు.

నిన్ను తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలీడం లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను, ఇకమీదట నన్నడక్కుండా నాకు ఏ మేలూ చెయ్యకు.

నీ చెల్లెలు,
జాగా యజమానురాలు
థెల్మా

తా.క.: జనవరిలో కట్టు విప్పాక నువ్వూ వదినా తప్పకుండా రండి. కాకపోతే రూలు రూలే. ఎవరైనా చుట్టాలుగా దిగాలంటే యజమానికి అర్జీ రాసుకోవాలి. అది నీ చేత్తోనే రాయి. నీ తరఫున వదిన రాస్తే ఒప్పుకోను.