తలుపు మీద సిలువ

నల్లమాడ, 9-8-2001

నాయనకు, అమ్మకు సలోమి వందనాలు. జ్వరం తగ్గింది, నా గురించి దిగులు పడొద్దు. మన సంఘం కానుకలతో ఇక్కడి పేదల కాలనీలో కట్టిన మరుగుదొడ్ల సంగతి రాయాలంటే సిగ్గేస్తోంది. రేకు తలుపుల మీద సిలువ వేయించమన్నది నేనే. జనం వాటికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నారే గానీ, లోపలికి ఒక్కరూ పోలేదు. పోయిన వారం తెల్లవారుజామున చెంబు పట్టుకొని వాగు వంక దగ్గరికి పోతూ ఆంజినమ్మ అనే ముసలామె జారిపడి చెయ్యి విరిగింది. కట్టు కట్టించి, ఇంటి ముందర మరుగుదొడ్డి పెట్టుకొని అంత దూరం ఎందుకు పోయినావని కోప్పడ్డాను.

"మీ దేవుడైనా దేవుడే గదమ్మా. ఆ సామి ముందర ఆ పని ఎట్ల చేసేది?" అన్నది.

ముందే వాళ్లను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? పాత చీరలుంటే ఆంజినమ్మకు పంపండి. ఆదివారం చర్చిలో నా గురించి గొప్పగా సాక్ష్యం చెప్పొద్దు నాయనా. సిలువలు కనబడకుండా నీలం రంగు పూయించాను. ఇప్పుడు అందరూ పోతున్నారు. ఆంజినమ్మ మాత్రం, ఎంత చెప్పినా వినకుండా, చెప్పులు బయటే విడిచి వట్టికాళ్లతో లోపలికి పోతోంది. ప్రార్థనలో ఆమె పేరు తలచుకోండి.

మీ సలోమి